మెల్లగా ఎక్కవలసిన కొండ

అర్ధరాత్రి దాటిన రెండు గంటలకు ఖాట్మండు విడిచిన చిన్న బస్సు చీకటి లోయల వెంట మెలికలు తిరుగుతూ, తెల్లవారేసరికి మంథలీ అనే ఊరు చేరుతుంది. మన గోదావరి ఒడ్డు మంథనిని తలపించే పేరు. వసంత, శరదృతువులలో యాత్రికుల రద్దీ పెరిగి ఖాట్మండు విమానాశ్రయం చాలనప్పుడు, ఎవరెస్టు దారి పట్టేవారిని ఇక్కడినుంచే విమానమెక్కిస్తారు. రేకుల కప్పు కింద సామాను తూచే త్రాసు, నాలుగు టీ కొట్లు, నిద్రలేని కళ్లతో ఉత్తరపు ఆకాశాన్ని చూస్తూ నిలబడిన జనం. మబ్బు విడితే విమానం వస్తుంది. మధ్యాహ్నానికి కొండల్లో గాలి లేస్తుంది, మబ్బు కమ్ముతుంది. అప్పుడిక ఆ రోజుకు ప్రయాణం లేనట్టే.

విమానంలో పదిహేను, ఇరవై మందికి మించి పట్టరు. ఇరవై నిమిషాల ప్రయాణం. కిటికీలోంచి చూస్తే కొండల నడుములకు కట్టిన మెట్ల పొలాలు, వాటిపైన అడవులు, అడవులపైన బండలు, అన్నిటికీ పైన మంచు. ఒక కొండ భుజాన్ని ఒరుసుకుపోతున్నట్లు విమానం వంగుతుంది. ఎదురుగా అగ్గిపెట్టె మూతంత పరిమాణంలో ఒక నల్లని చార కనిపిస్తుంది. అదే లుక్లా విమానాశ్రయం. పరుగుబాట పొడవు 527 మీటర్లు మాత్రమే. అదైనా చదునుగా ఉండదు, కొండవైపు ఎగబాకుతూ ఉంటుంది. దిగే విమానం ఎగువకు పరుగెత్తి వేగం తగ్గించుకుంటుంది. లేచే విమానం దిగువకు పరుగెత్తి లోయలోకి దూకుతుంది. బాట ఒక చివర కొండగోడ, మరొక చివర అగాధం.

తలుపు తెరుచుకోగానే చలిగాలి మొహాన కొడుతుంది. ఎవరో చప్పట్లు కొడతారు. ఆ సంబరంలో ఎవరూ గుర్తించని సంగతి ఒకటి ఉంది. మంథలీ సముద్రమట్టానికి సుమారు 470 మీటర్ల ఎత్తున ఉంది. లుక్లా 2,845 మీటర్ల ఎత్తున ఉంది. ఆంధ్రదేశంలోని ఎత్తైన శిఖరాలలో ఒకటైన అర్మకొండ 1,680 మీటర్లే. అంతకంటె వెయ్యి మీటర్లకు పైబడిన ఎత్తుకు మనిషిని ఒక గ్లాసు టీ తాగే వ్యవధిలో తెచ్చి దించేశారన్నమాట. మనిషి వచ్చాడు. అతని నెత్తురు, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు మాత్రం ఇంకా మంథలీలోనే ఉన్నాయి.

పూర్వం ఈ చిక్కు లేదు. 1953లో జాన్ హంట్ నాయకత్వాన ఎవరెస్టుకు బయలుదేరిన దళం మార్చి 10న ఖాట్మండు లోయను వదిలి, రెండు వారాలకు పైగా నడిచి తెంగ్‌బోచే మఠం చేరింది. వందలాది కూలీలు సామాను మోశారు. రోజుకొక కొండ ఎక్కడం, దిగడం, ఏరు దాటడం, మళ్లీ ఎక్కడం. చేరిన వెంటనే అసలు పర్వతం జోలికి పోలేదు. చుట్టుపక్కల కొండలెక్కి దిగుతూ దేహాలను సిద్ధం చేసుకున్నారు. మే 29న ఎడ్మండ్ హిల్లరీ, టెన్సింగ్ నార్గే శిఖరంపై నిలబడ్డారంటే, దానికి పునాది ఆ సుదీర్ఘమైన కాలినడకలోనే పడింది.

లుక్లా విమానాశ్రయం కట్టించినవాడు ఆ హిల్లరీయే కావడం చరిత్రలోని తమాషా. ఖుంబూ ప్రాంతపు షెర్పాలకు బడులు, ఆసుపత్రి కట్టించడానికి సామగ్రి చేరవేయాలన్న సదుద్దేశంతో ఆయన 1964లో ఆ పని చేశాడు. నేల మెత్తగా ఉండి చదును కాకపోతే, షెర్పాలను పిలిచి కల్లు పోయించి, చేతులు కలుపుకొని వరుసకట్టి వారు ఆడే పాదఘాత నృత్యం ఆడించాడట. అలా తొక్కిన మట్టిబాటపై 2001లో గాని తారు పడలేదు. 2008లో దానికి టెన్సింగ్, హిల్లరీల పేరు పెట్టారు.

బడులకు కలప తెచ్చిన బాట బాటసారులనూ తెచ్చింది. విమానాశ్రయం కట్టిన ఏడాదే జిమ్మీ రాబర్ట్స్ అనే విశ్రాంత సైనికాధికారి ఖాట్మండులో ఒక సంస్థ పెట్టి, డేరాలు, వంటవారు, మార్గదర్శకులు, మోతగాళ్లతో సహా కొండయాత్ర ఏర్పాటు చేస్తానని ప్రకటించాడు. 1965లో ఆయన నడిపించిన తొలి యాత్రలో ముగ్గురు అమెరికన్ మహిళలు పాల్గొన్నారు. పర్వతారోహకుడు కానివాడు కూడా డబ్బు చెల్లించి, మరొకరి తెలివిని, మరొకరి భుజాలను ఆసరా చేసుకొని హిమాలయాల లోపలికి వెళ్లవచ్చునన్న ఆలోచన అలా మొదలైంది. పదేళ్లు తిరగకముందే దాని ఫలితాలు కనిపించసాగాయి. దారిలో జబ్బుపడేవారు, చనిపోయేవారు ఎక్కువయ్యారు. 1973లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ ఏర్పడింది. ఆ సంస్థ వైద్యులు ఎగువ గ్రామమైన ఫెరిచేలో 278 మంది యాత్రికులను పరీక్షించి 1976లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. సగానికి పైగా, నూటికి 53 మందికి, ఎత్తు తాలూకు జబ్బు లక్షణాలున్నాయి. నడిచి వచ్చినవారి కంటె లుక్లాకు విమానంలో వచ్చినవారికి, పెద్దవారి కంటె పడుచువారికి ఆ బాధ ఎక్కువ.

ఈ చివరి మాటను ప్రతి మార్గదర్శకుడూ వైద్యపత్రిక చదవకుండానే ఎరుగును.

లుక్లాలో టీ తాగి, పది మంది జట్టు బయలుదేరిందనుకుందాం. ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, ఆయన భార్య, ఇద్దరు ఉపాధ్యాయినులు, మరికొందరు. ప్రతి జట్టులోనూ ఉన్నట్లే ఇందులోనూ ఒక యువకుడున్నాడు. ఆరు నెలలుగా రోజూ పరుగెత్తి కండలు పెంచుకొని వచ్చినవాడు. ఊరి పొలిమేరలోని తోరణం దాటీదాటగానే అందరినీ వెనక్కి నెట్టి ముందుకు సాగాడు. మార్గదర్శకుడు కేకవేయలేదు. నలభై యేళ్లు దాటిన షెర్పా, మాట తక్కువ మనిషి. అదే నడకతో నడుస్తూ, వెనకనున్న పెద్దావిడతో హిందీలో, "దీదీ, నోరు మూసుకొని ముక్కుతో ఊపిరి పీల్చగలిగినంత వేగమే మన వేగం. అంతకు మించితే ఆగండి" అన్నాడు. నేపాలీలో దీనికి ఒకే మాట ఉంది: బిస్తారై. మెల్లగా అని అర్థం. ఈ దారిలో నమస్తే తరువాత ఎక్కువగా వినిపించే మాట అదే.

మొదటి రోజు నడక ఎగువకు కాదు, దిగువకు. కొండ ఎక్కవచ్చినవారు మొట్టమొదట రెండు వందల మీటర్లకు పైగా దిగి, దూధ్‌కోసి నది ఒడ్డున 2,610 మీటర్ల ఎత్తునున్న ఫాక్‌దింగ్‌లో రాత్రి గడుపుతారు. దూరం ఎనిమిది కిలోమీటర్ల లోపే. మూడు నాలుగు గంటల పని. మధ్యాహ్నానికే బస చేరి, ఇంకా ఇంత పొద్దుండగా ఎందుకాగాలని యువకుడు అడుగుతాడు. మార్గదర్శకుడు నవ్వి ఊరుకుంటాడు. ఆ అరపూట విశ్రాంతిలోనే అతని చాతుర్యమంతా ఉంది. విమానం ఎన్ని రోజులు మిగిల్చిందో వాటిలో కొన్నింటినైనా ఒక్కొక్కటిగా తిరిగి దారిలోకి చేర్చడమే అతని ఉద్యోగం. అది చెప్పితే రుచించదు గనుక చెప్పడు.

దారి అందమైనది. నది పేరుకు తగ్గట్టు పాలలాగా తెల్లగా, నురగలు కక్కుతూ పారుతుంది. మంచునదుల అడుగున అరిగిన రాతిపిండి కలిసినందున ఆ రంగు. ఇంటి చుట్టూ రాతి గోడలు, గోడల నడుమ క్యాబేజీ, బంగాళాదుంప మళ్లు. అడుగడుగునా ఓం మణి పద్మే హుం అన్న మంత్రం చెక్కిన రాతిగోడలు, బండలు. వాటిని కుడిచేతివైపు ఉంచుకొని పోవాలి. ప్రదక్షిణ తెలిసినవారికి ఎవరూ ఈ నియమం నేర్పనక్కరలేదు. ఎదురుగా గంటల చప్పుడు వినిపిస్తే కంచర గాడిదలో, జోక్యోలో వస్తున్నాయన్నమాట. జడల బర్రెకూ ఆవుకూ పుట్టిన సంకరజాతి పశువు జోక్యో. అసలు జడల బర్రె ఇంత కిందికి దిగితే తట్టుకోలేదు. పశువులు వచ్చినప్పుడు లోయవైపు కాక కొండవైపు ఒదిగి నిలబడాలి. ఇది మర్యాద కోసం చెప్పిన నియమం కాదు, ప్రాణం కోసం చెప్పినది.

పశువుల కంటె ఎక్కువగా చూపు నిలిపేవారు మనుషులు. వెదురు గంపకు కట్టిన పట్టీని నుదుటికి తగిలించుకొని, మెడతో బరువు మోస్తూ నడిచే పోర్టర్లు. ఆ పట్టీని నామ్లో అంటారు. చేతిలో పొట్టి కర్ర ఒకటి, పైన అడ్డకొయ్యతో. నాలుగడుగులు వేసి, కర్రను వెనక్కి తిప్పి గంప కింద ఊతంగా నిలిపి, నిలబడే సేద తీరుతారు, మళ్లీ నాలుగడుగులు. నామ్చే వారపు సంతకు సరుకు మోసే ఈ మనుషులను తూచి చూసిన పరిశోధకులు 2005లో సైన్స్ పత్రికలో వివరాలు ప్రకటించారు. సగటున మగవారు తమ దేహపు బరువులో నూటికి 93 వంతులు, ఆడవారు 66 వంతులు మోస్తున్నారు. కొందరైతే తమకంటె బరువైనవే. ఇది ఎలా సాధ్యమని చూస్తే తేలిన రహస్యం పెద్దదేమీ కాదు. బహు మెల్లగా నడుస్తారు, పదేపదే ఆగుతారు, రోజంతా నడుస్తారు. పొద్దున తమను దాటిపోయిన యువకుణ్ణి వారు మధ్యాహ్నం ఏదో ఒక టీ కొట్టు దగ్గర దాటిపోతారు, తలెత్తి చూడకుండానే.

యాత్రికుల సామాను మోసేవారి బరువుకు ముప్పై కిలోల పరిమితి ఉంది. సంతకు, బసలకు సరుకు మోసేవారికి బరువును బట్టి కూలి. పరిమితి వారిదాకా రాదు.

రెండవ రోజు అసలు పరీక్ష. మొంజో దాటగానే సాగర్‌మాతా జాతీయోద్యానం ద్వారం. 1976లో ఏర్పడి 1979లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన అరణ్యమిది. రొద చేసే నదిని ఉక్కుతాళ్ల వంతెనల మీద ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు దాటుతూ పోతే, రెండు నదులు కలిసేచోట అన్నిటికంటె ఎత్తైన వంతెన వస్తుంది. దాని పేరూ హిల్లరీయే. కమ్మీలకు వేలాడే రంగురంగుల ప్రార్థన గుడ్డలు గాలికి పటపటలాడుతుంటాయి. వంతెన ఊగుతుంది. కిందికి చూడకుండా దాటేవారే ఎక్కువ. అక్కడినుంచి నామ్చే బజారుకు దాదాపు ఆరు వందల మీటర్ల నిట్టనిలువు ఎక్కుడు, పైన్ చెట్ల నీడలో, దుమ్ములో, మలుపు మీద మలుపుగా. సగం దారిలో చెట్ల సందున ఎవరెస్టు కొస తొలిసారి కనిపిస్తుంది, మబ్బు దయ తలిస్తే. పది మందిలో ఆరుగురు దానిని గుర్తుపట్టరు. ముందున్న కొండల వెనక నుంచి తొంగిచూసే ఆ చిన్న ముక్కోణాన్ని చూసి, ఇదేనా అంటారు.

యువకుడు ఆ ఎక్కుడును అందరికంటె గంట ముందే ఎక్కి, నామ్చేలో టీ తాగుతూ కూర్చున్నాడు.

నామ్చే 3,440 మీటర్ల ఎత్తున, గుర్రపు లాడం ఆకారంలో వంపు తిరిగిన కొండ కడుపులో వరుసలు వరుసలుగా కట్టిన ఊరు. సుమారు 850 మీటర్ల ఎత్తున్న తిరుమల కొండలను నాలుగింటిని ఒకదానిపై ఒకటి పేర్చితే ఇంత ఎత్తు అవుతుంది. ఇక్కడి గాలిలోనూ ప్రాణవాయువు నూటికి 21 పాళ్లే. ఆ పాలు ఎక్కడా మారదు. గాలే పలచన. సముద్రతీరాన ఒక్క ఊపిరికి అందే ప్రాణవాయువులో ఇక్కడ మూడింట రెండు వంతులే అందుతుంది. ఆ లోటు తీర్చడానికి దేహం మొట్టమొదట చేసేపని, ఊపిరి వేగం పెంచడం. దానివల్ల నెత్తురులోని బొగ్గుపులుసు వాయువు తగ్గి, క్షారగుణం పెరుగుతుంది. మెదడు ఇది గమనించి, ఊపిరి తగ్గించమంటుంది. ప్రాణవాయువు చాలక ఊపిరి పెంచమని ఒక ఆజ్ఞ, క్షారం పెరిగి తగ్గించమని మరొక ఆజ్ఞ. ఈ తగవును తీర్చేవి మూత్రపిండాలు. అధిక క్షారాన్ని అవి మెల్లమెల్లగా బయటికి పంపుతాయి. అందుకు రోజులు పడుతుంది. కండబలం ఆ పనిని ఒక్క గంటైనా ముందుకు జరపలేదు. అసిటజోలమైడ్ అనే మందు కొంత తోడ్పడుతుందిగాని, అది మూత్రపిండాలకు సాయమే, దారికి దగ్గరిదోవ కాదు.

ఆ తగవు తీరనంతకాలం రాత్రులు చిత్రంగా గడుస్తాయి. నిద్రలో ఊపిరి పెరిగి పెరిగి, తగ్గి తగ్గి, కాసేపు పూర్తిగా ఆగిపోతుంది. మళ్లీ ఒక్క ఉదుటున లేస్తుంది. పక్క మంచం మీది భర్త ఊపిరి ఆగిందని బ్యాంకు ఉద్యోగి భార్య నడిరాత్రి ఆయనను కుదిపి లేపుతుంది. ఇలా చాలామందికి జరుగుతుందనీ, దానంతట అది ప్రమాదం కాదనీ మార్గదర్శకుడు ముందే చెప్పి ఉంటే ఇద్దరికీ నిద్ర మిగిలేది.

ఆ సాయంకాలం పొయ్యి చుట్టూ భోజనాలు. నీరు ఇక్కడ 88, 89 డిగ్రీల దగ్గరే మరుగుతుంది గనుక పప్పు ఉడకాలంటే ప్రెషర్ కుక్కరు తప్పదు. దాల్‌భాత్ అంటే మన పప్పన్నమే, పక్కన ఆకుకూర, బంగాళాదుంప, అడిగినంత మారు. మార్గదర్శకుడు తాను తినడు. వడ్డిస్తూ తిరుగుతూ ఎవరి పళ్లెంలో ఎంత మిగిలిందో చూస్తుంటాడు. ఆకలి చావడమే తొలి లక్షణం. అబద్ధం నోటితో ఆడవచ్చుగాని పళ్లెంతో ఆడటం కష్టం. యువకుడి పళ్లెం సగం నిండుగానే ఉంది. తలనొప్పి ఉందా అంటే లేదన్నాడు. రాత్రి సరిగా నిద్రపోలేదంతే అన్నాడు. ఇంత ఖర్చుపెట్టి, ఇంటిదగ్గర అందరికీ చెప్పి వచ్చి, రెండవనాడే తలనొప్పి అని ఎలా ఒప్పుకోవడం? మార్గదర్శకుడు వాదించలేదు. "రేపు మనం ఎక్కడికీ పోవడం లేదు. ఎల్లుండి పొద్దున మళ్లీ అడుగుతాను. అప్పుడు నిజం చెప్పండి, సార్. తలనొప్పి సిగ్గుపడే జబ్బు కాదు. దాచిపెడితే చంపే జబ్బు" అన్నాడు. తలనొప్పి తగ్గేదాకా పైకి నిద్రకు పోరాదు. నడక తడబడినా, కూర్చున్నచోట కూడా ఊపిరి అందకపోయినా తెల్లవారేదాకా ఆగరాదు, ఆ క్షణమే దిగాలి. మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో నీరు చేరుతోందన్నమాట.

తరువాత అతడు లాంతరు పట్టుకొని బయటికి వెళ్లాడు. యాత్రికులెవరూ గమనించలేదు. వెనక వీధిలో పోర్టర్లు పడుకునే చోటుకు వెళ్లి, అక్కడా అదే ప్రశ్న వేశాడు.

షెర్పా అన్న మాటకు బయటి లోకంలో మోతగాడనే అర్థం స్థిరపడింది. అది జాతి పేరు. తూర్పువారు అని అర్థం. శతాబ్దాల కిందట టిబెట్టు నుంచి కనుమలు దాటి వచ్చినవారు. పలచని గాలిలో బతకడానికి టిబెట్టువారి నెత్తురులోనే ఒక వంశగుణం ఉందని 2010లో వెలువడిన పరిశోధనలు తేల్చాయి. ఆ గుణం షెర్పాలకూ ఉంది. కాని యాత్రికుల పెట్టెలు మోసే పడుచువారిలో ఎక్కువమంది షెర్పాలు కారు. దిగువ కొండల రాయ్‌లు, తమాంగ్‌లు. వరి, మొక్కజొన్న పండే ఊళ్లనుంచి పంటల నడుమ నాలుగు రూకల కోసం వచ్చినవారు. ఎత్తు వారికీ కొత్తే. యాత్రికుడికి తలనొప్పి వస్తే అడిగేవారున్నారు. పోర్టరుకు వస్తే, చెబితే కూలి పోతుంది. జబ్బుపడినవాడికి లెక్క చూసి డబ్బిచ్చి, ఒంటరిగా కిందికి పంపివేయడం ఒకప్పుడు ఇక్కడ అరుదు కాదు. అలా పంపినవారిలో కొందరు ఇల్లు చేరలేదు. పోర్టర్ల రక్షణ కోసం 1997లో ఒక అంతర్జాతీయ సంఘం ఏర్పడి నియమాలు పెట్టింది. జబ్బుపడిన పోర్టరును ఒంటరిగా పంపరాదు; అతని భాష తెలిసినవాణ్ణి తోడు పంపాలి; చికిత్సకు డబ్బివ్వాలి. నియమాలు మంచివే. వాటిని పాటించేది, పాటించనిది లాంతరు పట్టుకొని వెనక వీధికి వెళ్లే మనిషిని బట్టి ఉంటుంది.

మూడవ రోజును విశ్రాంతి దినమంటారుగాని మంచం మీద పడుకోనివ్వరు. పగలు ఎత్తుకు ఎక్కి, రాత్రికి దిగి నిద్రపోవడం ఈ దారి సూత్రం. నామ్చే పైనున్న గట్టు ఎక్కితే 3,780 మీటర్ల ఎత్తున శ్యాంగ్‌బోచే మట్టి విమానబాట, ఆపైన 3,880 మీటర్ల దగ్గర 1970ల తొలినాళ్లలో తెరిచిన ఎవరెస్టు వ్యూ హోటలు. ఖాట్మండు నుంచి చిన్న విమానంలో ఏకంగా ఇక్కడికే అతిథులను దించి, కాఫీ తాగుతూ ఎవరెస్టును చూడనివ్వాలన్నది దాని తొలి సంకల్పం. ఆ అతిథుల కోసం గదుల్లో ప్రాణవాయువు సిలిండర్లు పెట్టవలసి వచ్చింది. ఇప్పుడు చాలామంది నడిచే వస్తారు. కాఫీ అలాగే ఉంది. ఎదుట అమా దబ్లం, పేరుకు అమ్మ మెడలోని తాయెత్తు పెట్టె, రెండు చేతులు చాచి కూర్చున్నట్లుంటుంది. దాని ముందు ఎవరెస్టు చిన్నబోతుందని చాలామంది పైకి అనరుగాని అనుకుంటారు.

అవతలివైపు దిగితే ఖుంజుంగ్. హిల్లరీ 1961లో మొదలుపెట్టించిన బడి అక్కడుంది. పక్క ఊరు ఖుందేలో 1966 నాటి ఆసుపత్రి. లుక్లా బాట ఏ పనికోసం వేశారో ఆ పని ఈ రెండు చోట్ల కనిపిస్తుంది. పలక పట్టిన పిల్లలు, మందులకు వచ్చిన ముసలమ్మలు. బడి ఆవరణలో హిల్లరీ విగ్రహం దగ్గర మార్గదర్శకుడు యువకుడికి ఒక సంగతి చెప్పాడు. 1977లో గంగాసాగరం నుంచి మోటారు పడవల్లో గంగానది ఎగువకంటా ప్రయాణించి, ఆపైన హిమాలయ శిఖరమెక్కబోయిన హిల్లరీ, పై శిబిరంలో ఎత్తు జబ్బుతోనే కుప్పకూలాడు. అనుచరులు కిందికి చేర్చి, హెలికాప్టరులో తరలించి బతికించారు. ఎవరెస్టు ఎక్కిన తొలి ఇద్దరిలో ఒకడాయన. యువకుడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నిన్న సాయంకాలం నుంచి తలనొప్పిగానే ఉంది" అన్నాడు.

ఆ రాత్రి అతడు మూడు లీటర్ల నీళ్లు తాగి, మార్గదర్శకుడిచ్చిన మాత్ర వేసుకొని, పెందలకడనే పడుకున్నాడు. నాలుగవనాటి ఉదయానికి నొప్పి పోయింది. పళ్లెం ఖాళీ అయింది.

కాని ఆ ఉదయం జట్టులో ఒకరు తగ్గారు. పెట్టెలు మోసే పంతొమ్మిదేళ్ల రాయ్ కుర్రవాడు, ఈ దారికి కొత్త. రెండు రాత్రులూ వాంతులైనా చెప్పలేదు; పక్కవాడు చెప్పాడు. మార్గదర్శకుడు అతనిని గచ్చు మీద గీతలాంటి పగులు వెంట, మడమకు బొటనవేలు ఆనించి నడవమన్నాడు. అయిదో అడుగులో పక్కకు తూలాడు. "బాగానే ఉన్నాను దాయీ, మోస్తాను" అంటూనే ఉన్నాడు. నిన్న సెలవు దినమే కదా, ఇంకో రోజు చూస్తే సర్దుకోదా అని ఎవరో అడిగారు. మార్గదర్శకుడు జవాబివ్వలేదు. అతని గంపలోని సామాను ముగ్గురికి పంచడం మొదలుపెట్టాడు. ఒక చిన్న సంచీ మిగిలితే యువకుడు దాన్ని తీసుకొని తన వీపున తగిలించుకున్నాడు. ఎవరూ మెచ్చుకోలేదు, అక్కడ అది విశేషం కాదు.

అదే ఊరివాడిని ఒకణ్ణి తోడిచ్చి, మొత్తం యాత్రకు రావలసిన కూలీ చేతికిచ్చి, దారిలో ఎక్కడా ఆగకుండా లుక్లా దాకా దిగమని, అక్కడ ఆసుపత్రిలో చూపించుకొమ్మని చెప్పాడు. కుర్రవాడు నోట్లను రెండుసార్లు లెక్కపెట్టాడు. ఇదంతా తనకేనా అన్నట్లు చూశాడు.

జట్టు తెంగ్‌బోచే దారి పట్టింది. నామ్చే దాటాక ఆ దారి కొండ నడుముకు కట్టిన మొలతాడులా చదునుగా పోతుంది. లోయ అడుగున దూధ్‌కోసి, ఎదుట మంచు శిఖరాలు. యువకుడు ఈసారి వరుసలో చివరినుంచి రెండవవాడు. అతని వెనక మార్గదర్శకుడు. మొదటి మలుపు దగ్గర అతడు ఆగి వెనక్కి చూశాడు. చాలా దిగువన, పైన్ చెట్ల మలుపుల్లో ఇద్దరు మనుషులు దిగిపోతున్నారు. ఒకడి నుదుటి పట్టీ చుట్టచుట్టి చేతిలో ఉంది.